మూడు సీలింగులు

పెద్దమందడి,
ఆదివారం, మాపటేళ

పంతులూ,

నీ ఫోను వచ్చి పది రోజులాయె. ఆరోజే జవాబు చెప్పొచ్చు గాని, అది ఫోన్ల తెమిలే ముచ్చట గాదని ఊకున్న. డాలస్‌ల నీ మనవరాలు తాడాట ఆడుతుంటే నువ్వు మురిసిపోయి "స్కిప్పింగ్ రోప్" అన్నవట. ఆ పిల్ల "తాతా, అది జంప్ రోప్" అని పకపక నవ్విందట. "ఇన్నేండ్లు నీ పక్క క్లాసుల ఉంటే నాకు అంటిన ఇంగ్లిష్ ఇదేనా, ఎవరిది తప్పో తేల్చు" అని నన్ను దెప్పినవ్. తేలుస్త. కాని మొదలు నా కథ వినాలె. ఈ చిక్కు నాకు మొన్న ఎన్నికల డ్యూటీల విడిపోయింది. విడదీసింది నేను గాదు, నువ్వే. నువ్వు అక్కడ లేకపోయినా సరే.

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. పల్లికాయ పీకుతున్నరు, కూలోళ్లు దొరకక రైతులు గడబిడ అయితున్నరు. స్టాఫ్ రూముల కిటికీ పక్కన నీ కుర్చీ అట్లనే ఉన్నది.

మొన్నటి పంచాయతీ ఎన్నికలకు నాకు మల్లా ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీనే పడ్డది. నీకెరికే, పొద్దుగాల ఏడింటి నుంచి పగలు ఒంటిగంట దాకా పోలింగు, రెండింటికి లెక్కింపు. అందుకే ముందునాడు రాత్రే సామానంతా బల్ల మీద పరిచి సరిచూసుకోవాలె. నేను లిస్టు చదువుతున్న. కొత్తగ కొలువెక్కిన పిల్లగాడొకడు వస్తువు చూసి టిక్కు పెడుతున్నడు. బ్యాలట్ బాక్స్, ఉన్నది. ఎలక్టోరల్ రోల్, ఉన్నది. ఇండెలిబుల్ ఇంక్, ఉన్నది. "సీలింగ్ వ్యాక్స్" అన్న. పిల్లగాడు తలెత్తి పైకప్పు దిక్కు చూసిండు. "సీలింగ్‌కు మైనమెందుకు సార్?" అన్నడు.

వాని తప్పేమున్నది? వాని నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ కిర్రుకిర్రుమని తిరుగుతనే ఉన్నది. మూలకు చాప పరుచుకుంటున్న పెద్దమనిషి, రిటైరుమెంటుకు దగ్గరవడ్డాయన, "నాకైతే సీలింగ్ అంటే ల్యాండ్ సీలింగే యాదికొస్తది" అన్నడు. 1973 చట్టం నాటికి ఆయన చిన్న పిల్లగాడు. అయినా ఆ మాట ఊర్లె పెద్దల నోట్ల నుంచి ఆయన చెవుల పడి అక్కడే ఉండిపోయింది. ఒక్క గదిల మూడు సీలింగులు. తెలుగుల రాస్తే మూడూ ఒక్క తీరే.

అందరం నవ్వుకొని పండుకున్నం. నాకు నిద్ర రాలే. ముప్పై ఏండ్లు ఇంగ్లిష్ చెప్పినోణ్ణి గదా, ఆ సామాన్ల లిస్టు కండ్ల ముందు తిరుగుతున్నది. ఒక్క ఎన్నికకు ఎన్ని తీర్ల మాటలు! "ఎలక్టోరల్ రోల్" ముందర విశేషణం. "బ్యాలట్ బాక్స్" ముందర ఉత్త నామవాచకం. "పోలింగ్ స్టేషన్" ముందర ఇంగ్ తోకున్న మాట, వాళ్ల వ్యాకరణంల జెరండ్. "ప్రిసైడింగ్ ఆఫీసర్" ముందర గూడ ఇంగే, కాని అది జెరండ్ గాదు, పార్టిసిపుల్. అసెంబ్లీ ఎన్నికలల్ల ఇచ్చే "ఎలక్ట్రానిక్ వోటింగ్ మెషీన్" అయితే మరీ ఘోరం. విశేషణం, జెరండ్, నామవాచకం, ముగ్గురూ ఒక్క బెంచి మీద కూసున్నరు.

మరి రోల్‌కు ఎలక్టోరల్ ఎందుకు, బాక్స్‌కు బ్యాలట్ ఎందుకు, స్టేషన్‌కు పోలింగ్ ఎందుకు? "పోల్ స్టేషన్" అంటే ఏం పోయింది? పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నేను చెప్పింది ఒక్కటే మాట: "అది అంతే." పోయిన ఏడాది ఒక పిల్ల మాత్రం అంతేకు ఒప్పుకోలే.

అప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి మీద ఇంగ్లిష్‌ల పది వాక్యాలు రాయమన్న. మన గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు మనిషి, 1926ల గోలకొండ పత్రిక పెట్టినాయన, తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చినాయన, మనం చెప్పకపోతే ఎవరు చెప్తరు? ఆ పిల్ల "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"ను "సొసైటీ హిస్టరీ" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతోని కొట్టేసి "సోషల్ హిస్టరీ" అని దిద్దిన. "సొసైటీ అంటే సంఘమే గదా సార్, ఎందుకు తప్పు?" అన్నది. "అది అంతే" అన్న. ఆ పిల్ల కూసోలే. ఒక్క నిమిషం ఆలోచన చేసి, "మా అమ్మ మహిళా సంఘంల ఉన్నది సార్. సంఘం చరిత్ర అంటే ఆ సంఘం కథ అయితది. లోను ఎవరు కట్టిన్రు, ఎవరు కట్టలే, గదంత. సాంఘిక చరిత్ర అంటే జనం ఎట్ల బతికిన్రో ఆ కథ. గంతేనా సార్?" అన్నది.

గంతే. నేను బిత్తరపోయిన. "ఎవరు చెప్పిన్రు?" అంటే, "తెలుగు సార్ చెప్పేటోడు, ఏ మాటకన్న విగ్రహవాక్యం చెప్పుకోమని" అన్నది.

ఎన్నికల ముందునాడు రాత్రి చాప మీద పండుకొని అదే యాది చేసుకున్న. మన రెండు క్లాసుల నడుమ గోడ ఎంత పలుచనిదో నీకెరికే. నేను ఇవతల "జెరండ్ ఈజ్ ఎ వెర్బల్ నౌన్" అని బోర్డు మీద రాస్తుంటె, అవతల నుంచి నీ గొంతు: "దొంగ భయం! విగ్రహవాక్యం?" పిల్లలంత ఒక్కసారి "దొంగ వలన భయం! పంచమీ తత్పురుష!" ఎన్నిసార్లు విసుక్కున్ననో నీ లొల్లికి. నా పాఠానికి కావలసిన మందు ఆ గోడ అవతలే ఉన్నదని మాత్రం తెల్వలే.

చూడు పంతులూ. ఇంగ్లిష్‌ల రెండు మాటలు పక్కపక్కన పెడితే అది సమాసమే. నడుమ విభక్తిని మింగేస్తది. మింగిన విభక్తిని బయటికి తీస్తే ఏ మాట పెట్టాలెనో అదే చెప్తది. సీలింగ్ ఫ్యాన్: పైకప్పు నందు ఫ్యాన్, సప్తమి. ఇక్కడ సీలింగ్ నామవాచకం. సీలింగ్ వ్యాక్స్: ముద్ర వేయుట కొరకు లక్క, చతుర్థి. ఇక్కడ సీలింగ్ జెరండ్. ల్యాండ్ సీలింగ్: భూమి యొక్క పరిమితి, షష్ఠి. ఇక్కడ సీలింగ్ వెనుకకు పోయి తానే పెద్ద అయ్యింది. ఇంగ్లిష్‌ల మొదటి దాని అక్షరాలు, మూడో దాని అక్షరాలు ఒక్కటే, నడిమిది వేరు. కాని చెవికి తేడా తెల్వది, విగ్రహవాక్యానికే తెలుస్తది.

ఇంగ్ తోక గొడవ గూడ ఇట్లనే తెగుతది. "స్లీపింగ్ చైల్డ్" అంటే నిద్రపోతున్నట్టి పిల్ల. విశేషణ పూర్వపద కర్మధారయం. "స్లీపింగ్ బ్యాగ్" అంటే నిద్ర కొరకు సంచి. చతుర్థీ తత్పురుష. ఆ సంచి నిద్రపోదు. ప్రిసైడింగ్ ఆఫీసర్ తానే అధ్యక్షత వహిస్తడు, కర్మధారయం. పోలింగ్ స్టేషన్ ఓటెయ్యది, ఓటు కొరకు పెట్టిన చోటు, చతుర్థి. చూసినవా, నేను ఇరవై నిమిషాలు చెప్పినా పిల్లలకు ఎక్కని జెరండ్, పార్టిసిపుల్ తేడా, నీ రెండు సమాసాల పేర్లతోని తెగిపోయింది.

మన తెలుగుల ఈ తికమక లేదనుకునేవు, ఉన్నది. "తాగే నీళ్లు", "తాగే గ్లాసు", "తాగే మనిషి". మూడింటికీ "తాగే" ఒక్కటే. నీళ్లను మనం తాగుతం, గ్లాసుతోని తాగుతం, మనిషి తానే తాగుతడు. ఇంగ్లిష్‌ల గూడ డ్రింకింగ్ వాటర్, డ్రింకింగ్ గ్లాస్, డ్రింకింగ్ మ్యాన్. ఇది క్లాసుల చెప్తే మూడో దానికి పిల్లలు ఒకర్నొకరు చూసుకొని నవ్విన్రు. నవ్విన మాట మర్చిపోరు.

నీళ్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి. తాగునీరు, సాగునీరు మనకు జంట మాటలు. రెండూ ఒక్క అచ్చుల పోసినవి. ఇంగ్లిష్ మాత్రం ఒకదాన్ని డ్రింకింగ్ వాటర్ అని జెరండ్‌తోని, రెండోదాన్ని ఇరిగేషన్ వాటర్ అని నామవాచకంతోని కట్టింది. ఇరిగేట్ అనే క్రియకు ఇరిగేషన్ అని సొంతంగ నామరూపమున్నది, ఇంగ్‌తోని పని పడలే. డ్రింక్‌కు నామరూపం డ్రింకే. కాని డ్రింక్ అంటే మన దగ్గర వేరే అర్థం వస్తది, నీకు చెప్పే పని లేదు. కొల్లాపూర్ దిక్కు ఎల్లూరుల కృష్ణ నీళ్లను మోటార్లతోని పైకి తోసే కల్వకుర్తి పథకం పేరు "లిఫ్ట్ ఇరిగేషన్". ఎత్తిపోత చేత పారకం, తృతీయా తత్పురుష. తాగుట కొరకు నీళ్లు అంటే చతుర్థి. ఒక్క నీళ్ల ముచ్చట్లనే చతుర్థి, తృతీయ రెండూ దొరికినయి.

ఇగ మన పిల్లలు ఎక్కువ తప్పు చేసేది ఎక్కడ్నో చెప్త. "షూస్ షాప్", "ఫైవ్ ఇయర్స్ ప్లాన్", "టెన్ రుపీస్ నోట్". ముప్పై ఏండ్ల నుంచి ఎస్ కొట్టేసి కొట్టేసి నా ఎర్ర పెన్నులు ఎన్ని అరిగినయో. తప్పు యాడికెల్లి వస్తున్నదో ఇప్పుడు తెలిసింది. మన అచ్చ తెలుగు సమాసంల బహువచనం బతికే ఉంటది: చెప్పుల దుకాణం, అయిదేండ్ల ప్రణాళిక, పది రూపాయల నోటు, పూలమాల. సంస్కృత సమాసంల అది సచ్చిపోతది: పుష్పమాల, పంచవర్ష ప్రణాళిక. ఒక్క పువ్వుతోని మాల కాదు, అయినా "పుష్ప" అనే అంటం. ఇంగ్లిష్ ఈ విషయంల సంస్కృతం తోవ పట్టింది. షూ షాప్, ఫైవ్ ఇయర్ ప్లాన్, టెన్ రుపీ నోట్. "పూలమాల లెక్క గాదు, పుష్పమాల లెక్క రాయున్రి" అని ఒక్క మాట చెప్పిన, సగం ఎస్‌లు మాయమైనయి. మిగిలిన సగం మొండివి. స్పోర్ట్స్ డే, సేవింగ్స్ అకౌంట్, గూడ్స్ ట్రైన్. వాటికి ఎస్ ఒంట్లనే ఉన్నది, తీస్తే అర్థం మారుతది.

విశేషణం దగ్గర మాత్రం జర జాగ్రత్తగ ఉండాలె. గద్వాల చీరనే తీసుకో. ఒళ్లంత నూలు, అంచు పట్టు. ఇంగ్లిష్‌ల "సిల్క్ బార్డర్" అనాలె. "సిల్కీ బార్డర్" అన్నవా, అది పట్టు గాదు, పట్టు లెక్క మెత్తగున్న ఇంకేదో అని అర్థం. కొనేటోళ్లు పారిపోతరు. వస్తువు దేనితోని చేసిన్రో చెప్పాలంటే నామవాచకం, అది దేని లెక్క ఉన్నదో చెప్పాలంటే విశేషణం. బంగారం గూడ ఇంతే. గోల్డ్ రింగ్ వేలికి పెట్టుకునేది, గోల్డెన్ ఏజ్ పుస్తకాలల్ల చదువుకునేది. మనకు రెండింటికీ "బంగారు" ఒక్కటే. బంగారు ఉంగరం, బంగారు తల్లి. బంగారు తెలంగాణ అన్నప్పుడు మాత్రం ఇంగ్లిష్‌ల గోల్డెన్ అనే రాసిన్రు. గోల్డ్ తెలంగాణ అంటే కుదువ పెట్టే దుకాణం పేరు లెక్కుంటది.

పరీక్ష ఒకటి దొరికింది, చెప్త. ముందర మాటను వెనుకకు తిప్పి చూడు, "చాలా" అని చేర్చి చూడు. డీప్ రివర్: ఆ నది చాలా లోతు. తిరిగింది, అసలు విశేషణమే. హిస్టరీ బుక్: ఆ పుస్తకం చాలా చరిత్ర. తిరగలే, నామవాచకం. డ్రింకింగ్ వాటర్: ఆ నీళ్లు తాగుతున్నయి. అరిష్టం. జెరండ్.

ఈ పరీక్ష అన్నిచోట్ల పని చెయ్యదు. వనపర్తి బస్సెక్కి కిటికీల నుంచి బోర్డులు చదువుకుంటపో. మెడికల్ షాప్. ఆ దుకాణం చాలా మెడికల్ అంటమా? ఎలక్ట్రికల్ షాప్. సోషల్ హిస్టరీ గూడ ఇంతే, తిరగది. ఇవి విశేషణం అంగీ తొడుక్కున్న నామవాచకాలు. మన సాంఘిక, చారిత్రక, వైజ్ఞానిక అనేటివి గూడ ఆ జాతే, నామవాచకానికి తద్ధిత ప్రత్యయం అంటుకట్టినవి. ఈ జాతిల ఎవరు అంగీ తొడుగుతరో, ఎవరు ఒట్టిగ వస్తరో సూత్రానికి అందది. శాఖ పేరేమో అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్. మార్కెట్ యార్డు గేటు మీద అగ్రికల్చరల్ మార్కెట్ కమిటీ. మన బడిల "వైజ్ఞానిక ప్రదర్శన" అని విశేషణం పెట్టుకుంటం, అదే బ్యానర్ కింద ఇంగ్లిష్‌ల సైన్స్ ఫేర్. కాని రాజ్యాంగంల ప్రాథమిక విధుల కాడికి వస్తే "సైంటిఫిక్ టెంపర్". సైన్స్ టెంపర్ అంటే సైన్స్ సారు కోపమనుకుంటరు పిల్లలు.

అంగీ తొడిగితే అర్థం మారేటివి గూడ ఉన్నయి. ఎకనమిక్స్ లెక్చరర్ అర్థశాస్త్రం చెప్తడు. ఎకనమికల్ లెక్చరర్ సాక్‌పీసు గూడ పొదుపుగ వాడుతడు. కొన్నిటికి అంగీలే రెండు రకాలు: హిస్టారిక్ అంటే చరిత్రల నిలిచిపోయేది, హిస్టారికల్ అంటే చరిత్రకు సంబంధించినది. సురవరం వారి పుస్తకం హిస్టారికల్ గూడ, హిస్టారిక్ గూడ. 1949ల అచ్చయింది, రాజుల యుద్ధాలు పక్కకు పెట్టి జనం తిన్నదీ కట్టిందీ ఆడిందీ రాసింది. రెండు మాటలూ నిజమయ్యే పుస్తకాలు తక్కువ.

ఇగ నీ తగాదా. నీ మనవరాలిది తప్పు గాదు, నీదీ తప్పు గాదు. మనకు ఇంగ్లిష్ నేర్పింది ఇంగ్లండు. వాళ్లు చతుర్థి అయిన కాడ ఇంగ్ తోక తగిలిస్తరు: స్కిప్పింగ్ రోప్, సెయిలింగ్ బోట్, రోయింగ్ బోట్, రేసింగ్ కార్. అమెరికోళ్లు మాటిమాటికి ఆ తోక కోసేస్తరు: జంప్ రోప్, సెయిల్ బోట్, రో బోట్, రేస్ కార్. నీ కొడుకు జేబులున్న కార్డు చూడు. ఇక్కడ దాన్ని డ్రైవింగ్ లైసెన్స్ అంటం, బండి నడుపుట కొరకు అనుమతి, చతుర్థి. అక్కడ డ్రైవర్స్ లైసెన్స్, డ్రైవరు యొక్క అనుమతి, షష్ఠి. కార్డు ఒక్కటే, విభక్తి మారింది. వాళ్లు గూడ అన్నిచోట్ల కొయ్యరు. స్విమ్మింగ్ పూల్‌ను, వాషింగ్ మెషీన్‌ను ముట్టుకోలే. సూత్రం ఇంటి గడప దాకా తోలుకపోతది. లోపలికి మాత్రం వాడుకే పిలవాలె. అందుకే "అది అంతే" అనే మాటను నేను పూర్తిగ ఇడువలే. ఇదివరకు మొదలే అనేటోణ్ణి, ఇప్పుడు చివరకు అంటున్న.

నువ్వు ఎగిరి గంతేసే సంగతి ఒకటి దాచిపెట్టిన. ఇంగ్లిష్ వ్యాకరణం మీద పెద్ద పుస్తకాలు రాసే భాషాశాస్త్రవేత్తలు ఒక జాతి సమాసాలను "బహువ్రీహి" అనే పిలుస్తరు. అదే పేరు. వాళ్ల నోరు తిరిగినా తిరగకపోయినా, మన పాత వ్యాకరణవేత్తల మాటనే తీసుకున్నరు. రెడ్‌హెడ్ అంటే ఎర్ర తల గాదు, ఎర్ర జుట్టు కలిగిన మనిషి. ముక్కంటి అంటే మూడు కండ్లు గాదు, అవి ఉన్న శివుడు. పిక్‌పాకెట్ గూడ ఆ బాపతే, జేబూ గాదు, కొట్టుడూ గాదు, కొట్టేటోడు. 1858ల చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చేసినప్పుడు తెలుగు పిల్లల కోసం అనుకున్నడు. ఆ సమాస పరిచ్ఛేదం పట్టుకొని పెద్దమందడిల ఒక ఇంగ్లిష్ సారు జెరండ్ నేర్చుకుంటడని అనుకొని ఉండడు.

ఇంగ్లిష్ సారు అన్న గదా, దానికి గూడ విగ్రహవాక్యం రెండు తీర్లు. ఇంగ్లిష్ బోధించే సారు, ఇంగ్లండు దేశపు సారు. ఆ దేశపోళ్లు దీన్ని గొంతుతోని విడదీస్తరు. బరువంత "ఇంగ్లిష్" మీద పడితే పాఠం చెప్పేటోడు, "టీచర్" మీద గూడ పడితే ఆ దేశపోడు. నేను మొదటి బాపతే. శంషాబాద్ విమానాశ్రయం గూడ నిన్ను సాగనంపనీకె వచ్చినప్పుడే చూసిన.

నిన్న శనివారం స్టాఫ్ రూముల మీటింగు. మండలం నుంచి వచ్చిన సార్లకు కుర్చీలు చాలలే. నేను టెన్త్ పిల్లను, అదే సంఘం చరిత్ర పిల్లను పిలిచి, "కిటికీ కాడ ఖాళీ కుర్చీ ఉన్నది, తీసుకరా" అన్న. ఆ పిల్ల కుర్చీ తెచ్చింది. తెచ్చి, పెట్టకుంట చేతులల్లనే పట్టుకొని నిలబడ్డది.

"ఇది ఖాళీ కుర్చీ గాదు సార్" అన్నది. "తెలుగు సార్ కుర్చీ."

నేను కర్మధారయం చెప్పిన, ఆ పిల్ల షష్ఠీ తత్పురుషతోని దిద్దింది. ఎర్ర పెన్ను లేకుంటనే.

కుర్చీ మల్లా కిటికీ కాడికే పోయింది. మీటింగుల నేను నిలబడ్డ. నీ మనవరాలిని అడిగినట్టు చెప్పు. వచ్చే ఎండాకాలం తోలుకరా, ఆ పిల్లకు ఇక్కడి పిల్లలతోని స్కిప్పింగ్ రోప్ ఆడిపిద్దం. వాళ్లు దాన్ని తాడాటనే అంటరు, ఏ తగాదా ఉండది.

నీ,
గోడ ఇవతలి ఇంగ్లిష్ సారు